డేమ్ రాయాల్సిన చోట డేన్: ఒక నర్సుకి జర్మన్ విభక్తులు నేర్పిన కేస్ స్టడీ

దిల్‌సుఖ్‌నగర్‌లో నేను జర్మన్ చెప్పడం మొదలుపెట్టి తొమ్మిదేళ్ళు దాటింది. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది స్టాఫ్ నర్సులు. నైట్ డ్యూటీ దిగి, టిఫిన్ బాక్సు కూడా బ్యాగులోనే పెట్టుకుని నేరుగా క్లాసుకి వస్తారు. జర్మనీలో నర్సుగా గుర్తింపు రావాలంటే మామూలుగా జర్మన్ భాషలో బీ2 అనే స్థాయి కావాలి. దానికి ముందు, ఒక మెట్టు కింద ఉన్న బీ1 గట్టెక్కాలి. గ్యోథె అనే జర్మన్ సంస్థ పెట్టే బీ1 పరీక్షలో చదవడం, వినడం, రాయడం, మాట్లాడడం అని నాలుగు భాగాలు. ఒక్కోదానికి 100 మార్కులు, 60 వస్తే పాస్. ఏదైనా భాగం పోతే అదొక్కటే మళ్ళీ రాసుకోవచ్చు.

ఈ కేసులోని అమ్మాయికి మూడు భాగాలు వచ్చాయి, రాయడం పోయింది. ఆమె ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను. ఎవరో గుర్తుపట్టే వివరాలేవీ ఇందులో లేవు.

పరీక్ష పోయాక మొదటి క్లాసులో ఒక చిన్న పని ఇచ్చాను. రాత్రి షిఫ్టు అయిపోయింది, పొద్దున వచ్చే నర్సుకి డ్యూటీ అప్పగించాలి, అయిదు వాక్యాలు రాయమన్నాను. వార్డు, మనుషులు, మందులు అన్నీ ఆమెకి తెలిసినవే కాబట్టి మాటల కోసం వెతుక్కోదు, తప్పు ఎక్కడుందో తేలిగ్గా కనబడుతుంది. మూడో వాక్యం ఇది: ‘ఇష్ హాబె డేన్ పత్సియెంటెన్ డీ టాబ్లెట్టెన్ గెగేబెన్.’

ఆమె చెప్పాలనుకున్నది: రోగికి మాత్రలు ఇచ్చాను. రాసినది: రోగులకు మాత్రలు ఇచ్చాను.

ఒక్కరి కోసం రాసిన మాత్రలు కాగితం మీద వార్డులో అందరికీ వెళ్ళిపోయాయి. తేడా అంతా ఒక్క అక్షరంలో ఉంది. ‘డేమ్ పత్సియెంటెన్’ అంటే రోగికి. ‘డేన్ పత్సియెంటెన్’ అంటే రోగులకు. పరీక్షలో దీనికి పోయేది మార్కులే. నిజం వార్డులో అయితే చదివిన నర్సు ‘ఎంతమందికి?’ అని అడిగి తేల్చుకోవాలి. అడగకపోతే ఇంకో గొడవ.

నేను ముందు తప్పుగా అనుకున్నది

ఆ వాక్యం చూడగానే ‘ఈ పిల్లకి డాటివ్ రాలేదు’ అనుకున్నాను. జర్మన్‌లో నాలుగు విభక్తులు: నామినాటివ్ (ఎవరు), అక్కుజాటివ్ (ఎవరిని), డాటివ్ (ఎవరికి), జెనిటివ్ (ఎవరి). మూడు లింగాలు, వాటితో పాటు బహువచనం. నాలుగు నాలుగులు పదహారు గళ్ళ పట్టిక. దాన్ని ప్రింట్ తీసి ఇచ్చాను. రెండు రోజుల్లో ఎక్కాలు అప్పజెప్పినట్టు అప్పజెప్పింది. డేర్ డేన్ డేమ్ డెస్, డీ డీ డేర్ డేర్, ఎక్కడా తడబాటు లేదు. కానీ వాక్యం రాయమంటే మళ్ళీ అదే తప్పు. మూడు వారాలు ఇలాగే గడిచాయి. డేట్ దగ్గరపడుతుంటే ఆమెకి టెన్షన్, నాకూ టెన్షన్.

ఒక ఆదివారం ఆమె నోట్‌బుక్ ఇంటికి తెచ్చుకుని మొదటి పేజీ నుంచి చదివాను. ఈసారి తప్పుల్ని వదిలేసి, సరిగ్గా రాసినవాటి కింద పెన్సిల్‌తో గీతలు పెట్టాను. ‘డేమ్ ఆర్ట్స్ట్’, డాక్టరుకి, ప్రతిసారీ సరిగ్గానే ఉంది. ‘డేమ్ కింట్’, పిల్లవాడికి, సరిగ్గానే ఉంది. ‘డేర్ ఫ్రావ్’, ఆడమనిషికి, అదీ సరే. అంటే డాటివ్ ఆమెకి బాగానే వచ్చు! తప్పులన్నీ మూడు మాటల దగ్గరే గుంపుగా కనబడ్డాయి: పత్సియెంట్ (రోగి), కొలేగె (తోటి ఉద్యోగి), హెర్ (పెద్దమనిషి). ఇంకో విచిత్రం, రోగి ఆడమనిషి అయితే తప్పే లేదు. ‘డేర్ పత్సియెంటిన్’ అని చక్కగా రాసింది. మగ రోగి దగ్గరికి వచ్చేసరికే డేమ్ కాస్తా డేన్ అయిపోతోంది.

మర్నాడు క్లాసులో అడిగాను. “ఇక్కడ డేన్ ఎందుకు పెట్టావమ్మా?”

“పత్సియెంటెన్ అని ఉంది కదా మేడమ్, అది ప్లూరల్. ప్లూరల్ డాటివ్‌కి డేన్ అని మీరే చెప్పారు.”

మూడు వారాల ముందే ఈ ప్రశ్న అడగాల్సింది నేను. ఆమె నియమం మర్చిపోలేదు. గుర్తున్న నియమాన్ని నమ్మకంగా వాడింది. మాట చివర ‘ఎన్’ కనబడగానే బహువచనం అనుకుంది, బహువచనానికి తగిన ఆర్టికల్, అంటే నామం ముందు వచ్చే డేర్, డేన్ లాంటి చిన్న మాట, తెచ్చి ముందు పెట్టింది.

నామవాచకం నిజంగా ఎంత మారుతుంది

జర్మన్ అనగానే మనవాళ్ళు విభక్తుల గురించి భయపడతారు. నిజానికి నామవాచకం తనంతట తాను మారేది చాలా తక్కువ. భారమంతా ముందున్న ఆర్టికల్ మోస్తుంది. తెలుగులో అర్థం మాట తోకలో ఉంటుంది: రోగిని, రోగికి, రోగితో. జర్మన్‌లో అది తలలో ఉంటుంది. మన చెవి, కన్ను చిన్నప్పటి నుంచి తోకనే చూడడానికి అలవాటు పడ్డాయి. అందుకే ఆర్టికల్ కళ్ళ ముందు నుంచే జారిపోతుంది.

స్త్రీలింగ నామాలు ఏకవచనంలో అసలు మారవు. పుంలింగ, నపుంసక నామాలకి జెనిటివ్‌లో చివర ‘స్’ లేదా ‘ఎస్’ చేరుతుంది. ‘డెస్ కిండెస్’ అంటే పిల్లవాడి, ‘డెస్ ఆర్ట్స్టెస్’ అంటే డాక్టరు యొక్క. బహువచనం డాటివ్‌లో చివర ‘న్’ చేరుతుంది. కిండర్ అంటే పిల్లలు, ‘మిట్ డేన్ కిండర్న్’ అంటే పిల్లలతో. బహువచనం అప్పటికే ‘న్’తోనో ‘స్’తోనో ముగిస్తే ఏమీ చేరదు, ‘మిట్ డేన్ ఆటోస్’, కార్లతో, అంతే. ఒకప్పుడు ఏకవచనం డాటివ్‌లో కూడా ‘ఎ’ అని ఒక తోక ఉండేది. ఇప్పుడది దాదాపు పోయింది. ‘త్సు హావ్‌జె’, ఇంట్లో, అనే మాటలో ఇంకా మిగిలి ఉంది. ‘హావ్స్’, అంటే ఇల్లు, అనే మాటకి ఆ చివరి ‘ఎ’ ఎక్కడిదని పిల్లలు అడుగుతారు. పాత డాటివ్ గుర్తు అది.

ఇక మిగిలింది పత్సియెంట్ లాంటి మాటల గుంపు. వీటిని ఎన్-డెక్లినాట్సియోన్ అంటారు. అన్నీ పుంలింగాలే, ఎక్కువగా ప్రాణం ఉన్నవాటి పేర్లే. కొలేగె, యుంగె (అబ్బాయి) లాగా ‘ఎ’తో ముగిసేవి, పత్సియెంట్, అసిస్టెంట్, ప్రాక్టికాంట్ (ట్రైనీ), ష్పెత్సియాలిస్ట్ లాగా బయటి నుంచి వచ్చి ‘ఎంట్’, ‘ఆంట్’, ‘ఇస్ట్’తో ముగిసేవి, మెన్ష్ (మనిషి), నాఖ్‌బార్ (పొరుగువాడు), హెర్ లాంటి పాత మాటలు. ఇవి కర్తగా, అంటే నామినాటివ్ ఏకవచనంలో, ఉన్నప్పుడు మాత్రమే అసలు రూపంలో ఉంటాయి. ఇంకెక్కడైనా ‘ఎన్’ లేదా ‘న్’ వచ్చి చేరుతుంది.

ఎనిమిది వాక్యాలు పక్కపక్కన పెడితే విషయం కళ్ళకి కడుతుంది. బోర్డు మీద ఇలా రాశాను.

డేర్ పత్సియెంట్ ష్లేఫ్ట్: రోగి నిద్రపోతున్నాడు.
ఇష్ వాషె డేన్ పత్సియెంటెన్: రోగిని శుభ్రం చేస్తున్నాను.
ఇష్ హెల్ఫె డేమ్ పత్సియెంటెన్: రోగికి సాయం చేస్తున్నాను.
డేర్ బ్లూట్‌డ్రుక్ డెస్ పత్సియెంటెన్: రోగి బీపీ.
డీ పత్సియెంటెన్ ష్లాఫెన్: రోగులు నిద్రపోతున్నారు.
ఇష్ వాషె డీ పత్సియెంటెన్: రోగుల్ని శుభ్రం చేస్తున్నాను.
ఇష్ హెల్ఫె డేన్ పత్సియెంటెన్: రోగులకి సాయం చేస్తున్నాను.
డేర్ బ్లూట్‌డ్రుక్ డేర్ పత్సియెంటెన్: రోగుల బీపీ.

పత్సియెంట్ అన్న రూపం ఒక్కసారే వచ్చింది. మిగతా ఏడుసార్లూ పత్సియెంటెనే. అందులో మూడు ఏకవచనాలు, నాలుగు బహువచనాలు. అంటే ‘ఎన్’ తోక చూసి ఒక్కరా, ఎక్కువమందా అని చెప్పడం కుదరదు. దీనికి తోడు ‘డేన్ పత్సియెంటెన్’ రెండు చోట్ల ఉంది. ‘వాషె’ పక్కన అది ఒక్క మనిషి. ‘హెల్ఫె’ పక్కన చాలామంది. క్రియ చూస్తే గానీ తేలదు.

ఆమె చాలాసేపు ఆ బోర్డు వైపే చూస్తూ కూర్చుంది. “అంటే మేడమ్, ఎన్ ఉంటే ప్లూరల్ అని నేను అనుకున్నది అబద్ధమా?” అంది. సగం అబద్ధం అన్నాను.

ఇల్లు, ఇంటికి

ఇక్కడ తెలుగే అక్కరకొచ్చింది. ‘ఇల్లు’ అని రాయమన్నాను. ఇప్పుడు కి చేర్చు. ‘ఇంటికి’. లో చేర్చు. ‘ఇంట్లో’. తలుపు ఎవరిది? ‘ఇంటి తలుపు’. ‘ఇల్లుకి’ అని ఎవరైనా అంటారా? అనరు. కన్ను, కంటికి. నోరు, నోటిలో. చెయ్యి, చేతితో. ఊరు, ఊరికి. మాట ఒంటరిగా కర్తగా ఉన్నప్పుడు ఒక రూపం, విభక్తి తగలగానే ఇంకో రూపం. మన వ్యాకరణంలో ఈ ఇ, టి, తిలను ఔపవిభక్తికాలు అంటారు. బడిలో చదివి మర్చిపోతాం గానీ రోజూ మాట్లాడుతూనే ఉంటాం.

“ఇంటికి అన్నావు కదా, ఆ ‘టి’ వచ్చినందుకు ఇళ్ళు ఎక్కువయ్యాయా?” అని అడిగాను.

“లేదు మేడమ్, ఒక్క ఇల్లే.”

“పత్సియెంటెన్‌లో ‘ఎన్’ కూడా అంతే. కర్త కాదు అని చెప్తోంది. ఎంతమందో చెప్పేది ఆర్టికల్.”

ఈ పోలిక పూర్తిగా అతకదని నాకు తెలుసు. మనకి ఏకవచనంలో ఇంటి, బహువచనంలో ఇళ్ళ అని రూపాలు వేరు. జర్మన్‌లో ఆ రెండూ కలిసిపోయి ఒకే రూపం అయ్యాయి. అయినా ఒక మెట్టు ఎక్కడానికి ఇది చాలింది. అసలు పెద్ద తేడా ఆ తర్వాత చెప్పాను. ‘రోగులకి’ అనే మాట విప్పితే రోగి, లు, కి విడివిడిగా కనబడతాయి. ‘లు’ కాస్త ‘ల’ అయిందంతే. ఎంతమంది అన్నదానికి ఒక గది, ఏ విభక్తి అన్నదానికి ఇంకో గది. జర్మన్ ‘డేన్’లో లింగం, వచనం, విభక్తి అన్నీ ఒకే గదిలో కాపురం ఉంటాయి. విడగొట్టలేం. అందుకే మనం ముందు రెండు ప్రశ్నలు వేసుకుని, జవాబు తేల్చుకున్నాకే నోరు తెరవాలి.

ఆ రెండు ప్రశ్నలు అడిగే వరస కూడా మార్చాను. పుస్తకాలు ముందు విభక్తి అడుగుతాయి. నేను ముందు ‘ఎంతమంది?’ అని అడిగించాను, ఆ తర్వాతే ‘ఎవరికి?’. వార్డులో నర్సు బుర్ర కూడా అలాగే పనిచేస్తుంది, ముందు మంచాలు లెక్కపెట్టుకుంటుంది. పాత కేలెండర్ అట్టల్ని కత్తిరించి మంచం నంబర్లు రాసి కార్డులు చేశాం. ఒక కార్డు బల్ల మీద పడితే ఏకవచనం, మూడు పడితే బహువచనం. నేను ‘హెల్ఫెన్’ అంటాను, కార్డులు వేస్తాను, ఆమె వాక్యం చెప్పాలి. మొదటి రోజు ప్రతి వాక్యానికీ ఆగింది. పది రోజులయ్యేసరికి ఒక్క కార్డు బల్ల మీద పడగానే ఆమె నోట్లో ‘డేమ్’ సిద్ధంగా ఉంటోంది.

విభక్తి కోసం పట్టిక పక్కన పడేశాం. ఎవరు, ఎవరిని, ఎవరికి, ఎవరి. జర్మన్‌లో వేర్, వేన్, వేమ్, వెసెన్. వేర్‌కి డేర్, వేన్‌కి డేన్, వేమ్‌కి డేమ్. ప్రశ్న చివర ఏ శబ్దం ఉందో పుంలింగ ఏకవచనం ఆర్టికల్ చివర కూడా అదే శబ్దం. ఇది పిల్లలకి పాటలాగా పట్టుకుంటుంది. కానీ ఏకవచనం దాటగానే ఈ ప్రాస పనికిరాదు. చాలామందికి వేమ్ ప్రశ్నకి బహువచనంలో జవాబు డేన్. అందుకే ముందు లెక్క, తర్వాత ప్రశ్న.

ఉచ్చారణ మీద కూడా కొంత పని పడింది. పదం చివర ‘మ్’, ‘న్’ రెండూ ఆమె నోట్లో ఒకేలా వినిపించేవి. ఫోన్ సెల్ఫీ కెమెరా ముందు పెట్టుకుని చూడమన్నాను. డేమ్‌కి పెదాలు మూసుకోవాలి, డేన్‌కి తెరిచి ఉండాలి. ఇది వారం రోజుల పనే.

కట్టు మార్చడం దగ్గర ఇంకో చిక్కు

పత్సియెంట్ గొడవ సర్దుకున్నాక దాని వెనక దాగిన ఇంకోటి బయటపడింది. నాకు ఈ కేసులో అన్నిటికన్నా ఆసక్తి కలిగించింది ఇదే. ‘రోగిని లేపాను’ అని రాయమంటే ‘డేన్ పత్సియెంటెన్’ అని సరిగ్గా రాస్తుంది. ‘కట్టు మార్చాను’ అని రాయమంటే ‘డేర్ ఫెర్బాంట్’ అంటుంది. ఉండాల్సింది ‘డేన్ ఫెర్బాంట్’. ‘బీపీ చూశాను’ దగ్గర కూడా ‘డేన్ బ్లూట్‌డ్రుక్’ బదులు ‘డేర్’. చెంచా అంటే లోఫెల్, అదీ పుంలింగమే, దానికీ అదే తప్పు.

మనుషులకి సరిగ్గా వచ్చే అక్కుజాటివ్ వస్తువుల దగ్గర ఎందుకు జారిపోతోంది? తెలుగు వాక్యాలు పక్కన రాయించాక తెలిసింది. ‘రోగిని లేపాను’లో ‘ని’ ఉంది. ‘కట్టు మార్చాను’లో ‘ని’ లేదు. మనం ‘కట్టుని మార్చాను’ అని మామూలుగా అనం. మందు వేసుకున్నాడు, చెంచా తీసింది, ఇల్లు కట్టాడు. ప్రాణం లేని వస్తువు కర్మ అయితే తెలుగు దానికి గుర్తు పెట్టకుండానే సరిపెట్టుకుంటుంది. జర్మన్‌కి ప్రాణం ఉందా లేదా అన్న పట్టింపు ఇక్కడ లేదు. పుంలింగం అయితే చాలు, చెంచాకి కూడా ‘డేన్’ రావాల్సిందే.

అప్పటి నుంచి ప్రతి బ్యాచ్‌లోనూ ఒక అభ్యాసం పెడుతున్నాను. మనుషులు లేని వాక్యాలు, అన్నీ పుంలింగ వస్తువులే. తెలుగులో లేని ‘ని’ని మనసులో చేర్చుకుని చదవాలి. కట్టుని, చెంచాని, బీపీని. వినడానికి కృతకంగా ఉంటుంది, పని మాత్రం చేస్తుంది.

కి ఉన్న చోటల్లా డాటివ్ పెట్టేయడం ఇంకో అలవాటు. చాలాసార్లు అది గెలిపిస్తుంది కూడా. ‘నాకు చలిగా ఉంది’ అంటే ‘మీర్ ఇస్ట్ కాల్ట్’, అచ్చం మన లెక్కే. నాకు వికారంగా ఉంది, ‘మీర్ ఇస్ట్ యూబెల్’. ఇంగ్లీషు మీదుగా వెళ్తే ఇది అర్థం కాదు, తెలుగు నుంచి నేరుగా వెళ్తే ఒక్క నిమిషం. రోగులు చెప్పుకునే బాధల్లో సగం ఇదే మూసలో ఉంటాయి, నర్సులకి ఇది పెద్ద వరం. కానీ ‘డాక్టరుకి ఫోన్ చేశాను’ దగ్గర మోసపోతాం. జర్మన్‌లో అది అక్కుజాటివ్: ‘డేన్ ఆర్ట్స్ట్’. డాక్టరుకి కాదు, డాక్టరుని ఫోనులో పిలిచినట్టు.

బహువచనాల గురించి ఎక్కువ చెప్పను. వార్డు మాటల్ని జంటలుగా గోడకి అంటించాం, అంతే. ఆర్ట్స్ట్, ఎర్ట్స్టె. బెట్ (మంచం), బెట్టెన్. కింట్, కిండర్. టాబ్లెట్టె, టాబ్లెట్టెన్. త్సిమ్మర్‌కి, అంటే గదికి, బహువచనం కూడా త్సిమ్మరే. ‘ఉంగ్’తో ముగిసే మాట స్త్రీలింగం, దానికి ‘ఉంగెన్’. పత్సియెంటిన్‌కి పత్సియెంటినెన్. ‘డోక్టోర్’ మాత్రం మోసగాడు. బహువచనం డోక్టోరెన్ అని ఉంది కదా అని పత్సియెంట్ గుంపులో వేసేస్తారు. కానీ డాక్టరుకి అంటే ‘డేమ్ డోక్టోర్’, తోక రాదు. ఏ మాట ఏ గుంపుదో తెలియాలంటే నిఘంటువే దిక్కు. నిఘంటువులో నామం పక్కన రెండు తోకలు ఇస్తారు, మొదటిది జెనిటివ్, రెండోది బహువచనం. ఆర్ట్స్ట్ పక్కన ‘ఎస్’, ఆ తర్వాత ‘ఎర్ట్స్టె’. పత్సియెంట్ పక్కన ‘ఎన్, ఎన్’. రెండు చోట్లా ‘ఎన్’ కనబడిందంటే ఆ గుంపు మాటే. మనవాళ్ళు అర్థం చూసి పేజీ మూసేస్తారు. ఆమె చేత ఆ రెండు తోకలూ కూడా నోట్‌బుక్‌లోకి ఎక్కించాను.

ఫలితం, మిగిలిన పని

మూడో నెల చివర రాత పరీక్ష ఒక్కటే మళ్ళీ రాసింది. పాసైంది. రిజల్ట్ వచ్చిన రోజు డ్యూటీలో ఉండి, బ్రేక్‌లో ఫోన్ చేసి “మేడమ్, డేమ్ గెలిచింది” అంది. కార్డుల కట్ట ఇప్పటికీ ఆమె దగ్గరే ఉంది, తిరిగి అడగలేదు.

అన్నీ సరిపోయాయని అనను. తొందరలో రాస్తే ‘డేర్ ఫెర్బాంట్’ ఇంకా వచ్చేస్తోంది. ‘నామె’ అనే మాటకి, అంటే పేరుకి, జెనిటివ్‌లో ‘నామెన్స్’ అని ఎన్, స్ రెండూ వస్తాయి. హెర్ట్స్, గుండె, నపుంసకం అయి ఉండి కూడా డాటివ్‌లో ‘హెర్ట్సెన్’ అవుతుంది, అక్కుజాటివ్‌లో మాత్రం మారదు. కార్డియాలజీ వార్డులో చేసే అమ్మాయికి ఈ మాట రోజూ కావాలి, కాబట్టి దాన్ని విడిగా కంఠతా పట్టించాను.

ఇప్పుడు బీ2 మొదలుపెట్టాం. పోయిన వారం ‘ఆన్‌గెహోరిగె’ అనే మాట దగ్గర ఆగిపోయింది. రోగి తరఫు బంధువు అని అర్థం, ఆసుపత్రిలో ఆ మాట లేకుండా ఒక్క పూట కూడా గడవదు. ‘డేర్ ఆన్‌గెహోరిగె’ అంటారు, కానీ ‘ఐన్ ఆన్‌గెహోరిగర్’ అంటారు. ఆర్టికల్ మారితే నామం తోక మారిపోతోంది. రూపానికి నామవాచకం, నడక మాత్రం విశేషణానిది. “ఇది ఏ గుంపు మేడమ్? పత్సియెంట్ గుంపేనా?” అని అడిగింది. కాదమ్మా, ఇది ఇంకో కథ అని, బోర్డు తుడిచి మళ్ళీ ఎనిమిది వాక్యాలు రాయడం మొదలుపెట్టాను.